ఇరవైలో తొమ్మిది

11 ఆగస్టు 2025, సోమవారం

ఇది ఇంటి పుస్తకంలో రాసే సంగతి కాదు. అందులో గ్యాస్ బండ ఎప్పుడు మార్చాం, బియ్యం బస్తా ఎన్నాళ్ళు వచ్చింది, నీళ్ళ డ్రమ్ము ఏ రోజు కడిగాను, ఇవే ఉంటాయి. పెళ్ళయి కలకత్తాలో ఈ గార్డెన్ రీచ్ వచ్చిన దగ్గర నుంచి ఇరవై ఎనిమిదేళ్ళూ అంతే. అందుకని రాణి కాలేజీ నోటుబుక్కు ఒకటి తీసుకుని వెనక నుంచి మొదలుపెట్టాను. మా అమ్మాయి తెలుగు కూడబలుక్కుని గాని చదవలేదు. ఈయన నా పుస్తకాలు ఏనాడూ తెరవలేదు. ఇక్కడ ఏం రాసినా భయం లేదు.

ఈయనని ఇవాళ సస్పెండ్ చేశారు.

ఈయన పని కార్పొరేషన్ తరఫున దోమల మందు కొట్టడం. డబ్బా వీపుకి తగిలించుకుని వార్డంతా సందు సందూ తిరగడం. మొన్న శనివారం మా సందులో కొట్టారు. ఇవాళ పొద్దున పెద్ద ఆఫీసరు వచ్చి పద్నాలుగు ఇళ్ళ డ్రమ్ముల మూతలూ తీయించాడు. పదకొండింటిలో దోమ పిల్లలు బతికే ఉన్నాయి, మందు పడిన నీళ్ళలో తోకలు ఆడించుకుంటూ. మందు బయట అమ్ముకుని ఒట్టి నీళ్ళు కొట్టాడని అందరి ముందూ అన్నాడు. బెంగాలీలోనే అన్నాడు. చోర్ అన్న మాటకి ఏ భాషైతేనేం.

పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. అది వాళ్ళకి నచ్చకపోతే ఉద్యోగం తీసేస్తారు, పింఛను ఉండదు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు, డిసెంబరు ఆఖరున రిటైర్ కావాల్సిన మనిషి.

పక్కింటి జగ్గమ్మప్ప మనవరాలు రోజాకి డెంగీ. నాలుగు రోజులుగా ఆస్పత్రిలో ఉంది. పదమూడేళ్ళ పిల్ల.

ఈయన అన్నం ముందు కూర్చుని లేచిపోయారు.

12 ఆగస్టు

ఈయన మందు అమ్ముకోలేదు.

13 ఆగస్టు, బుధవారం

ఈయన అమ్ముకోలేదు. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"శనివారం మందు ఎంత పోశారు?"

"ఎప్పుడూ పోసినంతే పోసినాను."

నా మొహం చూడకుండా అన్నారు. ఎప్పుడూ పోసినంత అంటే సరిపడా పోశారనే కదా.

పాత ఇంటి పుస్తకాలన్నీ అటక మీద ఉన్నాయి. వాటితో ఇప్పుడేం పని లేదు.

14 ఆగస్టు, గురువారం

కుళాయి దగ్గర జగ్గమ్మప్ప నా బిందె పక్కకి జరిపింది. వరసలో నేనే ముందు. అయినా ఊరుకున్నాను.

"మీ ఆయన నీలల్లో నీలు కొట్టి ఎల్లిపోనాడు. నా గుంట ఆస్పత్రిలో పడుంది" అంది, నాతో కాదు, కుళాయితో.

"అప్పా, ఆయన అలాంటోడు కాదని నీకు తెలీదేటి?"

"నాకేటి తెలుస్తాది? తెలిసిందల్లా ఆ పిల్ల నోట్లోంచి రకతం వొచ్చిందని."

బిందె సగం నిండగానే వచ్చేశాను.

16 ఆగస్టు

రోజాకి జ్వరం తగ్గిందట, రక్తంలో కణాలు పెరుగుతున్నాయట. ఈ మాట జగ్గమ్మప్ప నాకు చెప్పలేదు. ఆవిడ తలుపు తీసి గట్టిగా ఎవరికో చెబుతుంటే విన్నాను. నేను వినాలనే తలుపు తీసిందేమో. అలా అనుకోవడమే నాకు బాగుంది.

18 ఆగస్టు, సోమవారం

ఇవాళ మా సందుకి పట్టాభి వచ్చాడు. ఈయన దగ్గర పని నేర్చుకున్నవాడు. పెద్ద ఆఫీసరు పక్కనే నిలబడ్డాడు. పది లీటర్ల నీళ్ళకి మందు సీసా మూతతో నిండా ఒక మూత, అందరూ చూస్తుండగా కలిపించాడు. డ్రమ్ముకి రెండు లీటర్ల చొప్పున పద్నాలుగు డ్రమ్ముల్లో కొట్టించాడు. ఈయన లోపల మంచం మీద అటు తిరిగి పడుకున్నారు. డబ్బా చప్పుడు వినబడుతున్నంతసేపూ ఆయన కుడి బొటనవేలు కదులుతూనే ఉంది.

20 ఆగస్టు, బుధవారం

పొద్దున డ్రమ్ము మూత తీశాను. ఉన్నాయి. కొన్ని అడుక్కి చేరి చచ్చి ఉన్నాయి గాని, చాలా వరకు నిక్షేపంగా పైకీ కిందికీ ఈదుతున్నాయి. నిండు మూత, ఆఫీసరు కళ్ళ ముందు కొట్టిన మందు, రెండు రోజులు. అయినా బతికే ఉన్నాయి.

దోమ పిల్లల్ని చూసి ఇంత సంతోషపడిన ఆడది కలకత్తా మొత్తంలో ఉండదు.

పరుగున వెళ్ళి ఈయనని లేపాను. వచ్చి చూశారు. చాలాసేపు చూశారు. "అయితే నా మూలాన కాదన్నమాట" అన్నారు మెల్లిగా. ఆ 'అన్నమాట' నాకు అర్థం కాలేదు.

సాయంత్రానికి సంతోషం చల్లారింది. పట్టాభి వచ్చి చెప్పాడు. మందు పీపాలోనే ఈయన ముందుగా నీళ్ళు కలిపి పెట్టి ఉంటారు, అందుకే ఎవరు కొట్టినా అంతే అన్నాడట ఆఫీసరు.

"పీపాలో మందు మంచిదే ఒదినా. వాసన నాకు తెలీదేటి? కానీ ముక్కుని సాచ్చికం ఎవడు తీసుకుంతాడు?"

ముక్కు కాకపోతే ఇంకేదో సాక్ష్యం కావాలి.

మా అమ్మకి ఒక అలవాటు ఉండేది. ప్రతి ఏడూ ఇంటి పుస్తకం ఆఖరి అట్ట లోపలి వైపు, ఆ ఏడు మేలు చేసినవాళ్ళ పేర్లు రాసుకునేది. నేనూ రాస్తాను. ఇంట్లోవాళ్ళ పేర్లు మాత్రం రాయకూడదనేది. ఇంట్లోవాళ్ళది మేలు కింద రాదట. ఈ ఏటి అట్ట మీద మొదటి పేరు పట్టాభి. తన ఉద్యోగానికి ముప్పు వస్తుందని తెలిసీ మా గడప తొక్కాడు.

21 ఆగస్టు, గురువారం

పిండి కలుపుతూ ఆలోచించాను. ప్రశ్న ఒక్కటే. తప్పు మందుదా, పురుగుదా?

పొయ్యి మీద పప్పు ఉడక్కపోతే అది పప్పు తప్పో నీళ్ళ తప్పో ఎలా తెలుస్తుంది? అదే నీళ్ళలో వేరే పప్పు వేస్తే తెలుస్తుంది.

మందు ఎప్పుడూ తగలని చోటి దోమ పిల్లలు కావాలి. అవి ఈ మందులో చస్తే మందు మంచిదన్నట్టు. అప్పుడు దొంగతనం మాటే లేదు.

రాణితో చెప్పాను. అది ఫోను పక్కన పెట్టి, "అమ్మా, నువ్వు సీరియస్సా?" అంది. తర్వాత, "సంజాయిషీకి ఇంక అయిదు రోజులే ఉంది" అంది. తర్వాత, "నేనేం చెయ్యాలి?" అంది.

23 ఆగస్టు, శనివారం

బ్రేస్ బ్రిడ్జ్‌లో రైలెక్కి బజ్‌బజ్ వెళ్ళాను. తమ్ముడు జగన్మోహన్ అక్కడ జూట్ మిల్లులో చేస్తాడు, ఊరి చివర వాళ్ళ ఇల్లు.

"మీ సందుకి దోమల మందు కొడతారా?"

"మా సందుకి పాలోడే రాడప్పా. మందోడొస్తాడేటి?"

పెరట్లో పాత టైరు, విరిగిన కమోడు, రెండు కొబ్బరి చిప్పలు. నిండా దోమ పిల్లలే. ఇన్నేళ్ళు ఆ పెరడు శుభ్రం చెయ్యమని వాణ్ణి తిట్టినదాన్ని, ఇవాళ టీ వడపోసే జల్లెడతో వంగి వంగి ఏరుకున్నాను. మరదలు నవ్వుతూనే ఉంది.

"ఊరంతా దోమల్ని తోలుతుంటే నువ్వు టిపిను డబ్బాలో అట్టుకెల్తన్నావేటప్పా?" అన్నాడు తమ్ముడు.

రైల్లో పక్కన కూర్చున్న బెంగాలీ ఆవిడ డబ్బాలో ఏమిటని అడిగింది. చేప పిల్లలన్నాను. ఏ చేప అని అడిగింది. కళ్ళు మూసుకుని నిద్ర నటించాను.

వచ్చేటప్పుడు పెరట్లో నీళ్ళన్నీ పారబోయించాను. అట్ట మీద తమ్ముడి పేరు రాశాను, మరదలి పేరు కూడా. వాళ్ళది వేరే ఇల్లు కాబట్టి రాయొచ్చు.

24 ఆగస్టు, ఆదివారం

పట్టాభి మందునీళ్ళు తెచ్చాడు, ఆఫీసరు కలిపించిన డబ్బాలో అడుగున మిగిలినవి. మందుల షాపు సీసాలో పోసి, మూత మీద ఆ రోజు తేదీ రాసి పెట్టాడు. ఈయన నేర్పిన పని కదా.

డాబా మీద నీడలో పచ్చడి సీసాలు నాలుగు పెట్టాను. ఒక్కోదానిలో అర లీటరు కుళాయి నీళ్ళు. డ్రమ్ములో వంద పాళ్ళకి ఒక పాలు మందునీళ్ళు పడతాయి కాబట్టి అర లీటరుకి ఒక చెంచా.

ఒకటో సీసా: మా డ్రమ్ము పిల్లలు ఇరవై, మందు లేదు.
రెండో సీసా: మా డ్రమ్ము పిల్లలు ఇరవై, మందు ఒక చెంచా.
మూడో సీసా: బజ్‌బజ్ పిల్లలు ఇరవై, మందు లేదు.
నాలుగో సీసా: బజ్‌బజ్ పిల్లలు ఇరవై, మందు ఒక చెంచా.

అన్నీ ఒకే సైజువి ఏరాను. చిన్నవి తొందరగా చస్తాయేమో, అది న్యాయం కాదు. మూతులకి పాత దోమతెర గుడ్డ కట్టాను. పొద్దున పది గంటలు. జగ్గమ్మప్ప పక్క డాబా మీద బట్టలు ఆరేస్తూ చూసింది.

"ఏటే సింహాచలం, దోమల్ని పెంచుతున్నావేటి? ఉన్నవి సాల్లేదా?"

"పెంచట్లేదప్పా. లెక్కపెడుతున్నాను."

"మొగుడి ఉజ్జోగం పోతే ఆడదానికి మతి కూడా పోతాదేటి" అంది. కానీ బట్టలు ఆరేయడం అయిపోయాక కూడా అక్కడే నిలబడింది.

25 ఆగస్టు, సోమవారం

పొద్దున పది గంటలు. రాణి, నేను విడివిడిగా లెక్కపెట్టాం. పుల్లతో తాకితే కదిలినవే బతికినట్టు.

ఒకటి: ఇరవైకి ఇరవై బతికాయి.
రెండు: ఇరవైలో తొమ్మిది బతికాయి.
మూడు: పందొమ్మిది బతికాయి. ఒకటి చచ్చింది, రైలు ప్రయాణం పడలేదేమో.
నాలుగు: ఒక్కటీ లేదు.

ఒకే సీసాలోది, ఒకే చెంచాతో పోసిన మందు. బజ్‌బజ్‌వి అన్నీ చచ్చాయి. మావి సగానికి సగం బతికాయి. మందు మంచిదే. ఈయన దొంగ కాదు.

ఈయన సీసాల ముందు గొంతుక్కూర్చుని నాలుగోదాన్ని చేతిలోకి తీసుకున్నారు. అడుగున చచ్చి పడి ఉన్నవాటిని చూస్తూ, "మా రోజుల్లో ఇలాగే సచ్చేవి" అన్నారు. పద్నాలుగు రోజుల తర్వాత ఇవాళ రెండు పూటలా అన్నం తిన్నారు.

నాలుగు సీసాల్లోనూ మరిగే నీళ్ళు పోశాను. మళ్ళీ ఇరవైలు పెట్టాను, ఒక్కసారి చూసినది లెక్క కాదు.

26 ఆగస్టు, మంగళవారం

రెండోసారి: మావి ఎనిమిది బతికాయి. బజ్‌బజ్‌వి సున్నా.

సంజాయిషీ రాణి బెంగాలీలో రాసింది. సీసాల లెక్క కూడా జతచేశాం. ఆఫీసులో గుమస్తా చదివి నవ్వాడట. కానీ కాగితం మీద ముద్ర వేశాడు. రాణి దాని నకలు పురుగుల పరీక్షల విభాగంలో కూడా ఇచ్చొచ్చింది. అలాంటి విభాగం ఒకటుందని నాకు తెలియనే తెలియదు.

29 ఆగస్టు, శుక్రవారం

ఆ విభాగం నుంచి సుతపా అనే అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. ఈయనని రాజూదా అంది, అంటే రాజన్న; నన్ను మాషీమా అంది, అంటే పిన్నమ్మ. పద్దెనిమిది రోజుల తర్వాత మా ఇంట్లో ఈయనని ఒకరు 'దా' చేర్చి పిలిచారు. ఆ ఒక్క పిలుపుకే అట్ట మీద రాసేశాను ఆ పిల్ల పేరు.

నా లెక్క పుస్తకం అడిగి తీసుకుని, సీసాలు పెట్టిన చోటు చూసి, "మందు లేని సీసాలు కూడా పెట్టాలని మీకెవరు చెప్పారు?" అని అడిగింది.

"ఎవరు చెప్పాలి? ఉప్పు వేసిన కూర రుచి తెలియాలంటే వెయ్యనిది కూడా చూడాలి కదా."

ఆ పిల్ల నవ్వింది. నేను అన్నాను, "మా దోమలు మందుకి అలవాటు పడిపోయాయి, తాగుబోతు సారాకి అలవాటు పడ్డట్టు."

"లేదు మాషీమా. ఒక్క దోమ కూడా మారలేదు. మారింది గుంపు" అంది.

తర్వాత ఇలా చెప్పింది. ఒక దోమ వంద గుడ్లు పెడితే వందా ఒకలా ఉండవు. ఏ రెండో మూడో మందుకి కాస్త తట్టుకునేవి పుట్టుకతోనే ఉంటాయి. మందుని చూసి తయారైనవి కావు, ముందు నుంచీ ఉన్నవే. మందు పడితే మిగతావి పోతాయి, ఆ రెండు మూడు మిగులుతాయి. పిల్లల్ని కనేది మిగిలినవే. పిల్లలకి తల్లి గుణం వస్తుంది. మళ్ళీ మందు, మళ్ళీ మిగిలినవే కనడం. కొన్నాళ్ళకి డ్రమ్ములో ఉన్నవన్నీ ఆ మిగిలినవాటి సంతానమే.

చిన్నప్పుడు బడిలో మాస్టారు జీవులు మారడం గురించి చెప్పారు. లక్షల ఏళ్ళు పడుతుందన్నారు. ఎక్కడో అడవుల్లో, సముద్రాల్లో జరిగేదనుకున్నాను. నా డ్రమ్ములో అనుకోలేదు.

అన్ని సందుల నుంచీ దోమ పిల్లల్ని పట్టుకెళ్ళింది. వారంలో వస్తానంది. ఆ అమ్మాయి కడుపు చల్లగా ఉండాలి.

30 ఆగస్టు

పిండి జల్లిస్తుంటే అర్థమైంది. జల్లెడ ఏ గింజనీ సన్నం చెయ్యదు. ఉన్నవాటిలో కొన్నిటిని దించుతుంది, కొన్నిటిని ఆపుతుంది, అంతే. దానికి ఉద్దేశం ఏమీ లేదు. కాని జల్లించగా జల్లించగా చేతికి వచ్చే పిండి వేరు.

కన్నాలు ఎంత ఉంటే అంత.

1 సెప్టెంబరు

అటక మీద పుస్తకాలకి బూజు పట్టి ఉంటుంది. దులపాలి. ఇవాళ కాదు.

6 సెప్టెంబరు, శనివారం

సుతపా వచ్చింది. మందు మంచిదని వాళ్ళ పరీక్షలోనూ తేలిందట. రాసి ఇస్తుందట. నేను రెండు చేతులూ జోడించబోతే ఆపింది.

"ఒక సంగతి అర్థం కావడం లేదు రాజూదా. వార్డు మొత్తం మందు బలం కొంత తగ్గింది, ఏళ్ళ తరబడి అదే మందు కదా, అది మామూలే. కానీ పక్క సందుల్లో ఇరవైకి పదహారు, పదిహేడు చస్తున్నాయి. మీ సందులో పదకొండే. అదే మందు, అదే మనిషి. మీ సందులోనే ఎందుకు ఇలా?"

ఈయన టీ గ్లాసు కేసి చూస్తూ కూర్చున్నారు.

"మోతాదు తక్కువ పడితే ఇలా అవుతుంది" అంది ఆ పిల్ల. "నిండు మోతాదులో కాస్త తట్టుకునేవి కూడా చస్తాయి. సగం మోతాదులో అవి మిగిలి, ఒకదాన్నొకటి కట్టుకుంటాయి. పిల్లలు ఇంకాస్త గట్టిగా పుడతాయి. మీ సందుకి ఎప్పుడైనా తక్కువ వేశారా?"

"నాకేటి తెలుస్తాది" అన్నారు ఈయన.

ఈయనకి తెలుసు. నాకూ తెలుసు. నేను టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

12న విచారణ.

7 సెప్టెంబరు

ఏమీ రాయాలని లేదు.

8 సెప్టెంబరు, సోమవారం

రోజా మేడ మెట్ల మీద కూర్చుని జడ వేయించుకుంటోంది. మెడ కర్రపుల్లలా ఉంది. నన్ను చూసి, "అత్తా, నీ దోమలు ఏయి?" అని నవ్వింది. జుట్టు గుప్పిళ్ళుగా ఊడుతోంది ఆ పిల్లకి.

9 సెప్టెంబరు, మంగళవారం

అటక ఎక్కాను. 2016 పుస్తకం నీలం అట్టది. పేజీ వెతకాల్సిన పని పడలేదు. ఎక్కడుందో నాకు ఆగస్టు 11 నుంచీ తెలుసు.

"12 జూన్ 2016, ఆదివారం. డ్రమ్ము కడిగాను. మందు వాసనకి అన్నం నోట పెట్టలేకపోతున్నాం. మన సందుకి సగం మూత చాలని ఈయనతో చెప్పాను. తప్పు, కుదరదు అన్నారు. మళ్ళీ చెప్పాను. నేను రెండు రోజులు మాట్లాడలేదు. ఇవాళ సరే అన్నారు."

ఆ తర్వాత ప్రతి వారం డ్రమ్ము లెక్క పక్కన చిన్న 'స' ఉంది. సగం అని గుర్తు. నేనే పెట్టాను. ఏ పని చేసినా లెక్క ఉండాలి కదా నాకు. తొమ్మిదేళ్ళు. ఏడాదికి పదిహేను, ఇరవై తరాలంది సుతపా. నూట యాభై దాటాయి. నాకు ఒక్క కూతురు ఎదిగేలోగా నా డ్రమ్ములో నూట యాభై తరాల తల్లులూ కూతుళ్ళూ. ఆ జల్లెడకి కన్నాలు నేనే పొడిచాను.

ఈయన అమ్ముకోలేదు. నేను తగ్గించమన్నాను.

10 సెప్టెంబరు, బుధవారం

జగ్గమ్మప్ప ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి చెప్పేశాను. సగం మూత పొయ్యమన్నది నేనని, ఆయన కాదని.

ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ వింది. రాయి ఒకటి తీసి పక్కన వేసింది.

"నువ్వొక్కద్దానివే అడిగినావేటి? నానడగలేదా? 'ఒరే బాబూ, కంపు కొడతంది, కాసింతే కొట్రా' అని నెలనెలా అన్లేదా? పద్నాలుగు ఇళ్ళూ అడిగినాయి. ఆడు మంచోడు గావట్టి ఇన్నాడు. ఎదవ అయితే ఇనేవోడు కాదు."

"మొదట అడిగింది నేనేనప్పా."

"మొదటిదానికేటి, బిరుదిస్తారా? కూకో. టీ తాగి ఎల్లు."

కూర్చున్నాను. కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆవిడ చూడనట్టు ఉండిపోయింది. ఆ చూడనట్టుండటానికి రాశాను ఆవిడ పేరు అట్ట మీద.

11 సెప్టెంబరు

రేపటికి నీలం పుస్తకం సంచిలో పెట్టాను. చదువుతానని కాదు. ఆఫీసులో తెలుగు చదివేవాళ్ళు ఎవరూ లేరు. పెట్టుకున్నానంతే.

12 సెప్టెంబరు, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

బల్ల వెనక ముగ్గురు, పక్కన సుతపా. ఇటు మేము ముగ్గురం. సీసాల లెక్క నన్నే చెప్పమన్నారు. నేను తెలుగులో చదివాను, రాణి బెంగాలీలోకి మార్చింది. మధ్యలో కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, అమ్మకం ఆరోపణ నిలబడదని అన్నాడు. నాకు అక్కడితో లేచి వచ్చేద్దామనిపించింది.

అప్పుడు ఆయన ఈయనని అడిగాడు, ఆ ఒక్క సందులోనే ఎందుకిలా అయిందని.

ఈయన లేచి నిలబడ్డారు. చేతులు కట్టుకున్నారు. "నా బద్ధకం సార్. ఇంటి దగ్గర సందు కదాని తేలిగ్గా తీసుకున్నాను. తక్కువ పోసినాను" అన్నారు.

బద్ధకమట. జ్వరంతో కూడా డబ్బా మోసిన మనిషి. నేనొచ్చాక ఇరవై ఎనిమిదేళ్ళలో తొమ్మిది రోజులే సెలవు పెట్టిన మనిషి. ఆ సెలవుల లెక్క కూడా నా దగ్గరుంది. పెద్దాయన కలం తీశాడు. బద్ధకమని రాస్తే పింఛను ఏమవుతుందో అక్కడున్న అందరికీ తెలుసు.

సంచిలోంచి నీలం పుస్తకం తీశాను.

"అదెందుకే" అన్నారు ఈయన. "సార్, అది ఇంటి పుస్తకం. దానికీ దీనికీ సంబంధం లేదు."

నేను చదివాను. రాణి మొదటి వాక్యం బెంగాలీలో చెప్పింది. రెండోది చెప్పింది. 'సగం మూత' దగ్గర ఆగి నా మొహం చూసింది.

"చెప్పు" అన్నాను.

"అమ్మా."

"నేనేం చదివానో అదే చెప్పు. ఒక్క మాట తగ్గించకు."

చెప్పింది. రెండు రోజులు మాట్లాడలేదన్నది కూడా చెప్పింది. బల్ల వెనక ఒకాయన నవ్వు ఆపుకోవడం చూశాను. తర్వాత 'స' గుర్తులున్న పేజీలు తిప్పి చూపించాను. తొమ్మిది పుస్తకాలు ఇంట్లో ఉన్నాయి, కావాలంటే తెస్తానన్నాను. సుతపా లేచి వచ్చి ఆ పేజీల మీద వేలు పెట్టి చూస్తూ ఉండిపోయింది. ఏ వారం ఎంత మోతాదు పడిందో ఇంత తేటగా తన దగ్గర ఏ సందుదీ లేదంది.

తిరిగి ఆటోలో వచ్చాం. మా సందు మొదట్లో దిగాక, "నానేదో సెప్పుకునేవోణ్ణి కదా" అన్నారు.

"బద్ధకమని చెప్పుకునేవారా?"

"నీ పేరెందుకు నలుగురి నోటా?"



25 సెప్టెంబరు, గురువారం

కాగితం వచ్చింది. దొంగతనం లేదు. మోతాదు తగ్గించినందుకు హెచ్చరిక, సర్వీసు పుస్తకంలో ఎక్కుతుంది. సోమవారం నుంచి డ్యూటీలో చేరమన్నారు. డిసెంబరు 31న రిటైర్ అవుతారు, పింఛనుతో.

సోమవారం అంటే దుర్గా పూజల మధ్య. అయినా సరే చేరతానన్నారు ఈయన.

హెచ్చరిక న్యాయమే.

30 సెప్టెంబరు, మంగళవారం

మా సందులో ఇక ఆ మందు వాడరు. ప్రతి మంగళవారం డ్రమ్ములన్నీ ఖాళీ చేసి, గోడలకి అంటుకున్న గుడ్లు పోయేలా బ్రష్షుతో రుద్ది, ఎండలో బోర్లించాలి. సుతపా చెప్పింది, ఎండకి తట్టుకునే డ్రమ్ము దోమ పుట్టడానికి చాలా తరాలు కావాలని. నవ్వుతూనే చెప్పింది గాని, పుట్టదని మాత్రం అనలేదు.

పద్నాలుగు ఇళ్ళ లెక్క నాకు అప్పగించారు. మొదటి మంగళవారం ఇదే. మైకులు మోగుతుండగా ఆడవాళ్ళంతా కొత్త చీరలు ఎగ్గట్టి డ్రమ్ములు దొర్లించాం. జగ్గమ్మప్ప రోజాని నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, దాని చేత డ్రమ్ములు లెక్కపెట్టించింది. పదమూడే అంది రోజా. పద్నాలుగోది జగ్గమ్మప్పదే, కడగలేదు.

"ముసిల్దాన్ని, వొచ్చే వారం కడుగుతాను."

"వచ్చే వారానికి పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోతాయప్పా" అన్నాను.

తిట్టుకుంటూ లేచింది. ఈయన డ్యూటీ నుంచి వస్తూ ఆ డ్రమ్ము తనే దొర్లించారు.

7 అక్టోబరు, మంగళవారం

పద్నాలుగు డ్రమ్ములు. దోమ పిల్లలు: సున్నా.

పచ్చడి సీసాలు నాలుగూ సోడా వేసి కడిగి ఎండలో పెట్టాను. రాణి వాటిలో పచ్చడి తిననంటోంది. సరే, పప్పులు పోస్తాను.

సీసాలు చూస్తుంటే ఆ నాలుగోది గుర్తొస్తోంది. బజ్‌బజ్ నుంచి టిఫిను డబ్బాలో తెచ్చినవి. అవి చావడం వల్లే ఈయన బయటపడ్డారు. వాటికి పేర్లు లేవు, ఉంటే రాసేదాన్ని. ఆ తొమ్మిదిని కూడా తిట్టలేను. అవి చేసిన తప్పేమిటి, మిగలడమే కదా. మిగిలేట్టు చేసినదాన్ని నేను.

అట్ట లోపలి వైపు పేర్లు ఇప్పటికి ఇవి: పట్టాభి, జగన్మోహన్, మరదలు, సుతపా, జగ్గమ్మప్ప. కింద ఇంకో పేరుకి చోటుంది. ఇంట్లోవాళ్ళ పేర్లు రాయకూడదనే అమ్మ మాట ఇరవై ఎనిమిదేళ్ళు తప్పలేదు. బల్ల ముందు చేతులు కట్టుకుని బద్ధకమని చెప్పినది ఇంట్లోవాళ్ళ బాధ్యత కింద వస్తుందేమో అని వారం రోజులుగా ఆలోచించాను. రాదు.

రాశాను. పోలిరాజు. పెళ్ళయ్యాక ఈయన పేరు నా చేత్తో రాయడం ఇదే మొదటిసారి.

ఈయన గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ, "ఏటే రాస్తన్నావు?" అని అడిగారు.

డ్రమ్ముల లెక్క అన్నాను.